కొత్త నర్సమ్మలూ, ఈ సలహాలు వినకండి

సర్కారు ఆసుపత్రిలో కొత్తగా చేరిన నర్సుకి యూనిఫాం కుట్టించుకోకముందే సలహాలు అందుతాయి. టీ తాగుతూ సీనియర్ సిస్టర్ ఒకటి చెబుతుంది. నైట్ డ్యూటీలో నిద్ర ఆపుకోడానికి కబుర్లాడుతూ వార్డుబాయ్ ఒకటి చెబుతాడు. జీతాల బిల్లు చేసే గుమాస్తా ఇంకొకటి. చెప్పేవాళ్ళలో చెడ్డవాళ్ళు తక్కువ. పని భారం తగ్గాలని, గొడవల్లో ఇరుక్కోకూడదని, మన మంచికే చెబుతారు. సవరలు, జాతాపులు అనే ఆదివాసీలు ఉండే కొండల కింద ఒక ముప్పై పడకల ఆసుపత్రిలో నేను చేరినప్పుడు నాకూ ఇలాగే చెప్పారు. నమ్మాను. హెడ్ నర్సునయ్యాక అవే మాటలు నా తర్వాత వచ్చిన పిల్లలకు చెప్పాను కూడా. ఆ మాటల వల్ల ఎవరెవరు మా గేటు దాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోయారో తెలిసొచ్చేసరికి సర్వీసు సగం అయిపోయింది. ఇప్పుడు మీరు చేరుతున్నారు. మీకూ ఇవే చెబుతారు. వినకండి.

“అందరినీ ఒకేలా చూడు, మాట రాదు”

వినడానికి ధర్మంగా ఉంటుంది కాబట్టే ముందు దీని సంగతి చెప్పాలి. మా దగ్గర ఓపీ చీటీలు పొద్దున్న తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఇచ్చేవాళ్ళు. అందరికీ అదే వేళ, అదే కిటికీ. బజారు వీధి వాళ్ళు టిఫిన్ తినేసి తొమ్మిదికి వచ్చి వరసలో నిలబడేవారు. కొండ మీది కుటుంబం కోడి కూయకముందే బయల్దేరి, గెడ్డ దాటి, తారురోడ్డు దాకా నడిచి, ఆటో నిండేదాకా కూర్చుని, మా గేటు దగ్గర దిగేసరికి పన్నెండున్నర. కిటికీ మూసేసి ఉండేది. “రేపు రండి” అనేవాళ్ళం. ఎవరినీ కసరలేదు, ఎవరినీ చిన్నచూపు చూడలేదు, రూలు అందరికీ ఒక్కటే. కానీ ప్రతిసారీ తిరిగి వెళ్ళేది అవే ఊళ్ళ వాళ్ళు.

అలా రెండుసార్లు తిరిగి వెళ్ళిన ఒక గర్భిణి మూడోసారి రాలేదు. ఇంట్లోనే బిడ్డను కన్నది. మాయ పడలేదు. మర్నాడు మధ్యాహ్నం డోలీలో తెచ్చారు: వెదురు బొంగుకి దుప్పటి కట్టి, ముందొకరు వెనకొకరు మోస్తూ. దుప్పటి అడుగంతా నల్లగా గడ్డకట్టి ఉంది. ముందు మోసిన మనిషి ఆమె భర్త. అతను బొంగు దించగానే నన్నడిగిన మొదటి మాట, “చీటీ రాస్తారా?” ఆమె బతికింది. కానీ ఆ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదల్లేదు. రక్తంలో మునిగిన భార్యను మోసుకొచ్చిన మనిషికి మేం నేర్పిన చదువు అదీ.

సర్కారు లెక్కలే అందరికీ ఒకేలా ఉండవు. సామాజిక ఆరోగ్య కేంద్రం మైదానంలో 1,20,000 మందికి ఒకటి, కొండ ప్రాంతాల్లో 80,000 మందికి ఒకటి. ఉపకేంద్రం అక్కడ 5,000 మందికైతే ఇక్కడ 3,000 మందికి. దూరం ఉన్నచోట కొలత మార్చాలని కాగితం మీద ఒప్పుకున్న సంగతినే మనం కిటికీ దగ్గర మర్చిపోతున్నాం.

గర్భిణుల పరీక్షలకు ప్రతి నెలా 9వ తేదీ అని దేశమంతటికీ 2016లో పెట్టారు. మంచి పనే. కానీ కొండవాళ్ళకు తేదీలతో పని లేదు, సంతతో పని. వారానికో రోజు చింతపండు, కొండచీపుళ్ళు, పసుపు నెత్తిన పెట్టుకుని ఎలాగూ దిగుతారు. 9వ తేదీ మానకుండానే సంత రోజు కూడా గర్భిణుల ఓపీ పెట్టమని, ఆ ఒక్కరోజు చీటీలు మూడింటి దాకా ఇవ్వమని మా డాక్టరమ్మను అడిగాం. పైసా ఖర్చు లేదు. ఒక గుమాస్తా, ఒక నర్సు భోజనం వేళ మార్చుకున్నారు, అంతే. మీ ఊళ్ళో సంత ఏ రోజో, చివరి బస్సు ఎన్నింటికో చేరిన మొదటి వారంలోనే తెలుసుకోండి.

“భాష రాకపోతే కూడా వచ్చిన పిల్లాడితో చెప్పించు”

ఇది దాదాపు అందరూ చెబుతారు, ఎందుకంటే పిల్లాడు ఆశ్రమ పాఠశాలలో చదువుతుంటాడు, తెలుగు గడగడా మాట్లాడతాడు. నేనూ అదే చేశాను. పదేళ్ళ కుర్రాడు, వాళ్ళమ్మ బల్ల మీద కడుపు పట్టుకుని కూర్చుంది. “ఎన్ని రోజుల్నించి నొప్పి? వాంతులున్నాయా?” అన్నిటికీ చక్కగా అడిగి చెప్పాడు. “నెల తప్పిందా? బట్ట తడుస్తోందా?” అని అడగ్గానే తలొంచుకున్నాడు. తల్లి ఏదో అంది. వాడు “కడుపు నొప్పంట” అన్నాడు. మళ్ళీ అడిగాను. ఆమె ఈసారి ఎక్కువసేపు చెప్పింది, వాడి చెయ్యి పట్టుకుని చెప్పింది. వాడు చొక్కా గుండీ తిప్పుతూ “కడుపు నొప్పేనంట” అన్నాడు. వాడు అబద్ధమాడలేదు. అమ్మ గురించి ఆ మాట నోటితో అనలేకపోయాడు. ఆ రోజు మా ఊడ్చే ఆవిడ, సవరావిడే, పక్కగా వెళ్తూ ఆగి, “అమ్మా, ఆమెకి నాలుగు రోజుల్నించి రక్తం పోతందంట” అంది.

పిల్లల చేత చెప్పించకండి. మొగుడి చేత కూడా కాన్పు సంగతులు, కొట్టిన దెబ్బల సంగతులు చెప్పించకండి. ఆశా కార్యకర్త వచ్చి ఉంటే ఆమెను పిలవండి. భాష వచ్చిన మనిషి ఆసుపత్రిలో ఎవరున్నారో, ఆమె డ్యూటీ ఏ షిఫ్టో ఒక కాగితం మీద రాసి నర్సుల బల్ల దగ్గర అంటించండి. “ఊఁ” అంటే అర్థమైందనుకోకండి. పెద్దవాళ్ళ ముందు కాదనకూడదని “ఊఁ” అంటారు. మాత్రలు ఎలా వేసుకుంటారో వాళ్ళనే చేసి చూపించమనండి. మందు కవరు మీద పొద్దుటి పూటకు కొండ మీంచి లేస్తున్న సూర్యుడు, రాత్రికి చంద్రుడు గీస్తే చదువు రానివాళ్ళకీ తెలుస్తుంది. మా ఫార్మసిస్టుగారు ఓపిగ్గా గీసేవారు.

భాష నేర్చుకోవడం మన వల్ల కాదంటారు. గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ ప్రాంతం మనిషే. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ సవర నేర్చుకుని, ఆ భాషలో పుస్తకాలు రాసి, నిఘంటువు చేశారు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకుని, క్వినైన్ వేసుకోగా వేసుకోగా చెవులు పోగొట్టుకున్నారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం. అంత చెయ్యలేం. కానీ “ఎక్కడ నొప్పి”, “ఎన్ని రోజులు”, “భయపడకు” అన్న మూడు ముక్కలు వాళ్ళ భాషలో నేర్చుకోడానికి ఒక్క నైట్ డ్యూటీ చాలు. నేను చిన్న నోటు పుస్తకంలో తెలుగు అక్షరాల్లో రాసుకునేదాన్ని. నా ఉచ్చారణ విని బాలింతలు నవ్వేవారు. నవ్వాక మాట్లాడేవారు.

“మన పద్ధతికి వాళ్ళే అలవాటు పడాలి”

ఒక చంటిపిల్లకి సూది వెయ్యాలని మా నర్సు ఒకామె పిల్ల మెడలోని పూసల దండ కత్తెరతో కత్తిరించి చెత్తబుట్టలో వేసింది. తల్లి ఏమీ అనలేదు. పూసలన్నీ ఏరుకుంది, కొంగున ముడేసుకుంది, తర్వాత టీకాకి రాలేదు. దండ తీసి తల్లి చేతికిస్తే సరిపోయేది.

కాన్పు సంగతీ అంతే. కొండ మీది ఆడవాళ్ళలో చాలామంది మోకాళ్ళ మీద వంగి, దూలానికి కట్టిన తాడు పట్టుకుని కంటారు. వాళ్ళను బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు కట్టేస్తే ఎంత భయమో ఆలోచించండి. ఏ భంగిమలో కంటుందో ఆమె ఇష్టానికి వదలమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే చెప్పింది. తోడుగా ఒక ఆడమనిషిని లోపలికి రానివ్వమని కాన్పు గదుల మెరుగు కోసం పెట్టిన లక్ష్య కార్యక్రమం చెబుతోంది. లేబర్ రూములో చెంపదెబ్బ ఎవరికి పడుతుందో చూడండి. కారులో దిగినామెకు ఎప్పుడూ పడదు.

నెలలు నిండేదాకా కొండ మీదే ఉంచి, నొప్పులొచ్చాక 108 కోసం పరుగెత్తే బదులు, సాలూరులో గిరిశిఖర గ్రామాల గర్భిణుల కోసం వసతి గృహం నడిపారు. ముందే దింపి, తిండి పెట్టి, కాన్పయ్యేదాకా ఉంచుకోవడం. అలాంటిది ఎక్కడుంటే అక్కడికి వెళ్ళి చూడండి. అక్కడ వాళ్ళకు నచ్చిన తిండి ఉందా, ఇంట్లో ఉన్న పెద్దపిల్లల్ని తెచ్చుకోనిస్తారా అని అడగండి. ఉండడం, పారిపోవడం వాటి మీదే ఆధారపడుతుంది.

“వాడిది నాటకం, సూదిమందు మరిగాడు”

పదిహేడేళ్ళ కుర్రాడు. నెలలో మూడోసారి వచ్చాడు. కాళ్ళు, వీపు పగిలిపోతున్నాయని మంచం కమ్మీ కరిచిపట్టుకుని ఏడుస్తున్నాడు. జ్వరం లేదు, దెబ్బ లేదు, వాపు లేదు. వార్డంతా ఒకటే మాట: నాటకం. అదే వార్డులో, అదే నోటితో, కొండవాళ్ళకు నొప్పి తెలియదనీ అంటారు. ఓర్చుకుంటే నొప్పి లేదంటారు, ఏడిస్తే నాటకమంటారు. దుప్పటి సర్దుతూ అతని కళ్ళు చూశాను. తెల్లగుడ్డు పచ్చగా ఉంది. డాక్టరుగారికి చెప్పాను. రక్తపరీక్షకు పంపారు. సికిల్ సెల్.

ఈ జబ్బులో ఎర్రకణాలు కొడవలిలా వంగి సన్నటి రక్తనాళాల్లో అడ్డం పడతాయి. రక్తం అందని చోటల్లా ఎముక లోపల్నించి నొప్పి పుడుతుంది. పైకి ఏమీ కనబడదు. తల్లికీ తండ్రికీ ఇద్దరికీ ఆ లక్షణం ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మన ఆదివాసీల్లో ఇది ఎక్కువ. దీని కోసం 2023 జులై 1న జాతీయ మిషన్ మొదలుపెట్టారు. 2047 నాటికి తుడిచిపెట్టాలని, నలభై ఏళ్ళలోపు వాళ్ళు ఏడు కోట్లమందికి పరీక్షలు చేయాలని లక్ష్యం. ఆ కుర్రాడు అంతకు ముందటివాడు. రక్తం తక్కువుందని ఏళ్ళ తరబడి అందరికీ ఇచ్చే ఐరన్ మాత్రలే అతనికీ ఇచ్చారు. కొడవలి కణాలను ఐరన్ మాత్ర సరిచెయ్యదు. జబ్బు తేలాక హైడ్రాక్సీయూరియా మొదలైంది, నొప్పులు రావడం తగ్గింది.

నొప్పి అన్నవాణ్ణి నమ్మండి. ముందు నొప్పి తగ్గే మందు, సెలైన్, వెచ్చటి దుప్పటి, అనుమానాలు తర్వాత. ఆదివాసీ కుర్రాడు పదేపదే నొప్పులతో వస్తుంటే సికిల్ పరీక్ష అయిందా అని కేస్ షీటు చూడండి. కాలేదంటే గుర్తు చేయండి. గుర్తు చేయడానికి నర్సుకి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

“హెచ్ఐవీ కేసైతే షీటు మీద పెద్దక్షరాలతో రాయి, అందరూ జాగ్రత్తపడతారు”

ఎర్ర ఇంకుతో రాసిన ఆ అక్షరాలు నాకు బాగా గుర్తు. కేస్ షీటు మంచం చివర వేలాడేది. అన్నం తెచ్చే బంధువులు, పక్క మంచం వాళ్ళు, అందరూ చదివారు. చదవలేనివాళ్ళకు చదివినవాళ్ళు చెప్పారు. మూడో రోజు రాత్రి ఆ బాలింత పసిబిడ్డతో సహా వెళ్ళిపోయింది. బిడ్డకు వెయ్యాల్సిన మందు సీసా బల్ల మీదే ఉండిపోయింది.

ఇది తప్పు మాత్రమే కాదు, చట్టవిరుద్ధం కూడా. 2017లో చేసిన హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. ఒప్పుకోలు లేకుండా పరీక్ష చెయ్యకూడదు, ఫలితం బయటపెట్టకూడదు, జబ్బుందని వైద్యం నిరాకరించకూడదు. పోనీ మన భద్రత కోసమే రాశామనుకుందాం. ఆ రాతతో మన భద్రత పెరగదు, తగ్గుతుంది. జబ్బున్నవాళ్ళకు వాడిన సూది గుచ్చుకుంటే హెచ్ఐవీ అంటుకునే ప్రమాదం వెయ్యిలో మూడు. హెపటైటిస్ బి టీకా వేయించుకోనివాళ్ళకు ఆ జబ్బు వందలో ముప్పై దాకా అంటుకోవచ్చు. ఆ రెండో జబ్బున్న మనిషి షీటు మీద ఏ ఎర్ర గుర్తూ ఉండదు, చాలాసార్లు ఆ మనిషికే తెలియదు. అందుకని గ్లౌజులు ప్రతి కాన్పుకీ వేసుకోవాలి, సూది ప్రతిసారీ వెంటనే కట్టర్లో వెయ్యాలి. హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ చేరిన ఏడాదిలోనే వేయించుకోండి. ఒకవేళ గుచ్చుకుంటే దాచకండి: వీలైతే రెండు గంటల్లో, ఎట్టి పరిస్థితిలోనూ 72 గంటల్లోపు మందు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి.

“ఇలాంటివాళ్ళు నెలకొకరు వస్తారు, వాళ్ళ కోసం ఏర్పాట్లెందుకు”

చక్రాల కుర్చీలో ఉన్న మనిషి, చెవులు వినబడని మనిషి, హిజ్రా. ముగ్గురి గురించీ ఇదే మాట చెబుతారు. నెలకొకరే ఎందుకు వస్తున్నారు? వచ్చినప్పుడు జరిగిన మర్యాద వల్లే. ర్యాంపు ఉందంటారు. అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడవు ఉండాలి. చాలాచోట్ల నాలుగైదు అడుగుల్లో ముగించి ఉంటుంది, దాని మీద కుర్చీ తోస్తే వెనక్కి జారుతుంది. ఒకసారి మీరే ఎక్కించి చూడండి. పోలియోతో కాలు సన్నబడిన గర్భిణి లేబర్ టేబుల్ ఎక్కలేక నేల మీద కూర్చుండిపోవడం చూశాను. ఒక చెక్క మెట్టు చేయించాం, ఆసుపత్రి అభివృద్ధి సొసైటీ డబ్బుతో. చెవులు వినబడనివాళ్ళతో మాట్లాడేటప్పుడు మాస్కు కిందికి దించి, ముఖం వెలుతురుకి పెట్టండి.

హిజ్రా వస్తే ఆడ వార్డా మగ వార్డా తేల్చలేక బయట బెంచీ మీద కూర్చోబెట్టడం మా దగ్గరా జరిగింది. మూడు గంటలు, 102 జ్వరంతో. ఏ వార్డులో ఉంటారో వాళ్ళనే అడగాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్‌లో నల్సా తీర్పులో వాళ్ళ గుర్తింపు వాళ్ళు చెప్పుకునేదేనని అంది. 2022లో హైదరాబాద్ ఉస్మానియా ఆసుపత్రిలో ప్రాచీ రాథోడ్, రూత్ జాన్‌పాల్ ట్రాన్స్ మహిళలుగానే వైద్యాధికారులుగా చేరారు. ఓపీ చీటీ రాసేటప్పుడు పేరు అడగండి, చెప్పిన పేరుతోనే పిలవండి. జ్వరం చూడ్డానికి అంతకు మించి తెలియనక్కర్లేదు.

ఆధార్ కార్డు లేనిదే చీటీ రాయొద్దన్న సలహా కూడా ఇక్కడే చెప్పేస్తాను. మన జిల్లా వాళ్ళు విజయవాడలో, హైదరాబాదులో, చెన్నైలో మేడలు కడుతూ అక్కడి ఆసుపత్రుల్లో కార్డు చేతిలో లేక పరాయివాళ్ళుగా నిలబడుతున్నారు. అక్కడి నర్సు వాళ్ళతో ఎలా ఉండాలని కోరుకుంటామో, ఇక్కడికొచ్చిన ఒడియా కూలీతో మనం అలా ఉండాలి.

“మనకు కులం లేదు, ఎవరి వివరాలూ అడక్కు”

ఈ మాట అన్న సిస్టరు నిజంగా మంచి మనిషి. ఎవరినైనా ముట్టుకుంటుంది, ఎవరింట్లోనైనా తింటుంది. కానీ ఆసుపత్రికి కులం లేదని మనం అనుకున్నంత మాత్రాన పోదు. మంచం ఇచ్చే ముందు మా వైపు ఒక మాట అడుగుతారు: “ఎవరి తాలూకు?” ఫలానావారి తాలూకు అంటే ఫ్యాను కింద మంచం. ఎవరి తాలూకూ కానివాళ్ళకు మరుగుదొడ్డి తలుపు పక్క మంచం. ఒకసారి నెలరోజుల పాటు ఏ మంచం మీద ఎవరు పడుకున్నారో నేను రాసి చూశాను. తలుపు పక్క రెండు మంచాల్లో ఆ నెలంతా దళితవాడ వాళ్ళు, సవరలు తప్ప ఇంకెవరూ లేరు. ఎవరూ కావాలని చెయ్యలేదు. అందుకే ఎవరికీ కనబడలేదు. రాసి చూపించాక మాత్రం మంచాలు వచ్చిన వరసలో ఇవ్వడం మొదలుపెట్టాం.

రాయకపోతే రానివాళ్ళు అసలే కనబడరు. ఆసుపత్రి రిజిస్టరులో వచ్చినవాళ్ళే ఉంటారు. మీ ఏఎన్ఎం దగ్గర ఊరివారీగా గర్భిణుల జాబితా ఉంటుంది. నెలకోసారి దాన్ని మన కాన్పుల రిజిస్టరు పక్కన పెట్టుకుని కూర్చోండి. మేం కూర్చున్నప్పుడు మూడు ఊళ్ళ నుంచి ఏడాదిగా ఒక్క కాన్పూ మా దగ్గరకు రాలేదని తేలింది. వచ్చినవాళ్ళకు ఎంత బాగా చేస్తున్నామో చెప్పుకుంటూ ఏడాది గడిపేశాం. సగటు లెక్కలూ ఇలాగే దాస్తాయి. తెలంగాణలో 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం నూటికి అరవై కాన్పులు సిజేరియన్లు. ఒకచోట అక్కర్లేని కోత, ఇంకోచోట కావాల్సినప్పుడు కూడా అందని కత్తి. సగటు తీస్తే ఈ రెండూ కలిసిపోయి బాగానే ఉన్నట్టు ఉంటుంది. సగటు చూసి సంతోషించకండి, ఊరివారీగా చూడండి.

ఇక చివరిది. మా ఊడ్చే ఆవిడ సంగతి ఇందాక చెప్పాను. రక్తం పోతోందన్న మాట ఆరోజు ఆవిడ చెప్పింది కాబట్టి బయటపడింది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఆవిణ్ణి చీపురు పక్కన పెట్టించి ఓపీలోకి పిలిచేవాళ్ళం. డాక్టరుకి కుర్చీ, నాకు స్టూలు, రోగికి బల్ల. ఆవిడ గోడకి ఆనుకుని నిలబడి రెండు భాషల మధ్యా తిరిగేది, పనైపోగానే వెళ్ళి మరుగుదొడ్డి కడిగేది. కాంట్రాక్టు జీతంలో ఆ పనికి పైసా లేదు. కుర్చీ వెయ్యమంటే మావాళ్ళే అన్నారు, “అలవాటు చెయ్యకు, రేపు అందరూ అడుగుతారు” అని. అది కూడా సలహానే.

సొసైటీ తీర్మానం పెట్టించి సంత రోజులకు ఆవిడకు వేరే కూలి ఇప్పించాం, కడిగే పనికి ఆ రోజు ఇంకొకరిని పెట్టాం. డాక్టరమ్మ కుర్చీ పక్కనే ఇంకో కుర్చీ వేశాం. మొదటి సంత రోజు ఆవిడ కూర్చోలేదు. రెండో వారం అంచున కూర్చుంది. మూడో వారం ఒక ముసలామె కొండ దిగి వచ్చి, తలుపు దగ్గర ఆగి, లోపల డాక్టరమ్మను, నన్ను, ఆవిణ్ణి మార్చి మార్చి చూసి, సరాసరి ఆవిడ ఎదురుగా వెళ్ళి కూర్చుని, కొంగు తీసి రొమ్ము మీద గడ్డ చూపించింది. ఎన్నాళ్ళ నుంచి ఉందని ఆవిడే అడిగింది. డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుంది.